టీవీ ముందు కాదు, వెనక చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ మెయిళ్ళూ మెసేజ్‌లూ అన్నీ ముందేసుకుని కూర్చుంటే చాలావరకు ఒకటే గోల. టీవీలో కింద "ఫలానా తేదీ తర్వాత అనలాగ్ ప్రసారాలు ఉండవు" అని స్క్రోలింగ్ తిరుగుతోంది, ఇప్పుడు మేమేం చెయ్యాలి అని. అనలాగ్ అంటే ఇన్నాళ్ళూ యాంటెన్నాతో పట్టుకుంటున్న పాత పద్ధతి ప్రసారం, దాని చోటులోకి డిజిటల్ అనే కొత్త పద్ధతి వస్తోంది. ఒకే ప్రశ్న పదిమంది అడిగినవి కలిపేశాను, పేర్లు తీసేశాను. మీ ప్రశ్న అచ్చంగా కనపడకపోయినా జవాబు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మాది పాత డబ్బా టీవీ అండి, బొమ్మ ఇప్పటికీ నిక్షేపంగా వస్తుంది. మా అబ్బాయేమో ఇంక ఇది పనికిరాదు, కొత్తది కొనాల్సిందే అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీవాడికి అసలు కొత్త టీవీ కావాలేమో ముందు కనుక్కోండి. ఎందుకంటే టీవీ అనేది నిజానికి ఒకే డబ్బాలో పెట్టిన రెండు వస్తువులు, బొమ్మ చూపించే తెర ఒకటి, గాల్లో వచ్చే సిగ్నల్‌ని పట్టుకునే ట్యూనర్ ఒకటి. అనలాగ్ ఆగిపోతే పనిలేకుండా పోయేది ఆ ట్యూనర్ ఒక్కటే, తెరకి ఏం కాదు. డిజిటల్ ట్యూనర్‌ని విడిగా బయట పెట్టుకుంటే సరిపోతుంది, దాన్నే సెట్‌టాప్ బాక్స్ అంటున్నాం. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు చెప్పండి.

అయితే ఆ బాక్స్ కూడా వెంటనే కొనేయకండి. ముందు టీవీ వెనక్కెళ్ళి వైరు పట్టుకుని అది ఎక్కడికి పోతోందో చూడండి, నిజంగా చేత్తో పట్టుకునే వెళ్ళండి. మేడ మీద యాంటెన్నాకి గానీ టీవీ మీద ఉన్న చెవుల యాంటెన్నాకి గానీ పోతుంటే ఈ మార్పు మీకే. అది డిష్ బాక్స్‌కో కేబుల్ బాక్స్‌కో పోతుంటే ఆ బాక్స్ చేసే పని అదే కాబట్టి మీరు ఏమీ కొనక్కర్లేదు. కేబుల్ వైరే కానీ మధ్యలో బాక్స్ ఏమీ లేకుండా తిన్నగా టీవీలోకి దిగిందనుకోండి, అది వేరే లెక్క, కేబుల్ వాళ్ళ మార్పు కేబుల్ వాళ్ళదే, మీకు కేబుల్ ఇచ్చేవాళ్ళని అడిగి తెలుసుకోవాలి, గాల్లో వచ్చే ప్రసారాలు ఆగే తేదీకీ దానికీ సంబంధం ఉండకపోవచ్చు.

ఇంకోటి. హాల్లో టీవీకి డిష్ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు, లోపలి గదిలో చిన్న టీవీ మాత్రం ఏళ్ళ తరబడి చెవుల యాంటెన్నా మీదే నడుస్తూ ఉంటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు. ఇంట్లో ఎన్ని టీవీలుంటే అన్నిటి వెనకా చూడండి.

ప్రశ్న: మాది సన్నటి ఫ్లాట్ టీవీ. మాకు ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: టీవీ సన్నగా ఉందని డిజిటల్ అయిపోదండి. మొదట్లో వచ్చిన ఎల్‌సీడీలూ ప్లాస్మాలూ చాలావాటిలో ఉన్నది అనలాగ్ ట్యూనరే, "హెచ్‌డీ రెడీ" అన్న స్టిక్కర్ తెర గురించి చెబుతుంది గానీ ట్యూనర్ గురించి కాదు. మెనూలో చానెల్ సెర్చ్ దగ్గరికెళ్ళి చూడండి, అక్కడ డిజిటల్ అన్న ఆప్షన్ కనపడితే లోపల డిజిటల్ ట్యూనర్ ఉన్నట్టే. అమెరికాలో అయితే 2007 మార్చి 1 నుంచి అమ్మకానికి తెచ్చే ప్రతి టీవీలో డిజిటల్ ట్యూనర్ ఉండాలని రూలు పెట్టారు కాబట్టి అక్కడ ఆ తేదీ చూసి చెప్పేయొచ్చు, అలాంటి రూలు లేని చోట మెనూనే నమ్ముకోవాలి.

డిజిటల్ అని ఉన్నా ఇంకో చిక్కుంది, లోకమంతా ఒకటే డిజిటల్ కాదు. ఒక్కోచోట ఒక్కో పద్ధతి: ఉత్తర అమెరికా, దక్షిణ కొరియాలో ఏటీఎస్‌సీ, జపాన్‌లో ఐఎస్‌డీబీ-టీ, దాన్నే కొంచెం మార్చి బ్రెజిల్‌లో వాడుతున్నారు, యూరప్‌తో పాటు చాలా దేశాల్లో డీవీబీ-టీ, దాని తర్వాత వచ్చింది డీవీబీ-టీ2. మామూలుగా ఒకదాని ట్యూనర్ ఇంకోదానికి పనికిరాదు, డీవీబీ-టీ మాత్రమే ఉన్న బాక్స్ టీ2 సిగ్నల్‌ని గుర్తుపట్టను కూడా పట్టదు. కాబట్టి బంధువులు వేరే దేశం నుంచి ప్రేమగా మోసుకొచ్చిన టీవీ అయినా, ఎవరో వద్దనుకుని ఇచ్చిన పాత బాక్స్ అయినా, మీ దగ్గర వాడే పద్ధతి పేరు దాని మీద ఉందో లేదో చూసి మరీ తీసుకోండి.

ప్రశ్న: మూడు టీవీలున్నాయి, యాంటెన్నా ఒకటే. ఒక బాక్స్ సరిపోతుందా?

జవాబు: మూడింట్లోనూ ఎప్పుడూ ఒకే చానెల్ చూస్తామంటే సరిపోతుంది. బాక్స్ ఒకసారి ఒక చానెలే పడుతుంది, దాని నుంచి వైర్లు లాగి మూడు టీవీలకి ఇచ్చినా మూడింట్లోనూ అదే బొమ్మ, మార్చాలంటే బాక్స్ ఉన్న గదిలోకి వెళ్ళాలి. ఆ పరుగులు రెండు రోజులకే విసుగొస్తాయి, టీవీకొక బాక్స్ పెట్టుకోవడమే నయం. పాత వీడియో రికార్డర్ వాడేవాళ్ళకి కూడా ఇదే చిక్కు, దాని లోపల ఉన్నదీ అనలాగ్ ట్యూనరే కాబట్టి ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డ్ చేయడం ఒక్క బాక్స్‌తో కుదరదు.

యాంటెన్నా వైరుని స్ప్లిటర్‌తో పంచుకోవచ్చు, కానీ ఊరికే రాదు. రెండుగా చీలిస్తే ఒక్కో వైపుకి సగం సిగ్నలే పోతుంది, స్ప్లిటర్ తినేది కూడా కలిపితే సుమారు 3.5 డెసిబెల్స్ (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) నష్టం, నాలుగుగా చీలిస్తే 7 దాకా. సిగ్నల్ బాగా ఉన్న చోట దీన్ని పట్టించుకోనక్కర్లేదు. అంతంతమాత్రంగా ఉన్న చోట మాత్రం ఇదే ప్రాణం తీస్తుంది, ఎందుకో కింది జవాబులో చెప్తాను.

ప్రశ్న: షాపులో "డిజిటల్ యాంటెన్నా" వేసుకుంటేనే డిజిటల్ వస్తుంది అంటున్నారు. మా మేడ మీద యాంటెన్నా బానే ఉంది. తీసేయాలా?

జవాబు: దీని మీద నాకు కాస్త కోపం కూడా ఉంది కాబట్టి వివరంగా చెప్తా. డిజిటల్ యాంటెన్నా అనేది లేదు. యాంటెన్నా అంటే ఒక లోహపు ముక్క, దాని మీద పడే తరంగంలో అనలాగ్ ఉందా డిజిటల్ ఉందా అన్నది దానికి తెలీదు, అవసరం కూడా లేదు. దానికి తెలిసిందల్లా ఫ్రీక్వెన్సీ. టీవీ ప్రసారాలు వచ్చే ఫ్రీక్వెన్సీ వరసలు (బ్యాండులు) రెండు, తక్కువది వీహెచ్ఎఫ్, ఎక్కువది యూహెచ్ఎఫ్. బారు కడ్డీలుంటే వీహెచ్ఎఫ్‌కి, పొట్టి కడ్డీలుంటే యూహెచ్ఎఫ్‌కి, రెండూ ఉంటే రెండింటికీ. మీ చానెళ్ళు డిజిటల్‌లో ఏ బ్యాండులో వస్తాయో తెలుసుకుని ఆ కడ్డీలు మీ యాంటెన్నాకి ఉన్నాయో లేదో చూస్కుంటే చాలు.

మరి అనలాగ్‌లో బొమ్మ వచ్చే ఇంట్లో కూడా కొందరికి డిజిటల్ ఎందుకు రాదు? అనలాగ్ సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ మెల్లగా పాడవుతుంది, ముందు చుక్కలు, తర్వాత ఈగలు ముసిరినట్టు అవుతుంది, అయినా మనిషెవరో గుర్తుపట్టొచ్చు, మాట వినొచ్చు, మనకి అలవాటైపోయి అదే బాగున్నట్టు ఉంటుంది. డిజిటల్‌లో ఆ మధ్య మెట్లు లేవు. సిగ్నల్ ఒక హద్దు పైన ఉన్నంతసేపు అద్దంలా ఉంటుంది, హద్దు దగ్గరికొస్తే గళ్ళు గళ్ళుగా విరిగి మాట తెగుతుంది, కాస్త దిగితే తెర నల్లగా అయిపోతుంది. అందుకే ఇన్నాళ్ళూ ఈగలతో సర్దుకుపోయిన ఇంట్లో ఒక్కసారిగా ఏమీ రాదు, మనమేమో బాక్స్ పాడైందనుకుంటాం. చాలాసార్లు పాడైంది వైరు. ఎండకి పగిలి లోపలికి నీళ్ళు దిగిన వైరు, చుట్టి టేపేసిన జాయింట్లు, తుప్పు పట్టిన పిన్ను. పాత రోజుల్లో వేసిన రిబ్బన్ లాంటి చదును వైరు 300 ఓమ్స్‌ది, ఇప్పటి బాక్సులకి ఉండేది 75 ఓమ్స్ గుండ్రటి సాకెట్, ఆ రెంటి మధ్య బాలన్ అనే చిన్న ముక్క పెట్టాలి, అది పెట్టకుండా రెండు తీగలు మెలేసి కట్టేస్తే అనలాగ్‌లో నడిచిపోయింది, డిజిటల్‌లో అక్కడే పోతుంది. వీలైతే యాంటెన్నా నుంచి బాక్స్ దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకటే కొత్త కోయాక్సియల్ వైరు వేయించుకోండి, బాక్స్ కంటే దానికి పెట్టిన ఖర్చే ఎక్కువ పనికొస్తుంది.

సిగ్నల్‌ని పెంచే బూస్టర్ గురించి కూడా అడిగారు కొందరు. నా సొంత తెలివితక్కువతనం చెప్తాను. మా ఇంట్లో బొమ్మ ఆగి ఆగి వస్తోందని ఒక బూస్టర్ పెట్టా, ఇంకా పాడైంది, సరిపోలేదేమో అనుకుని ఇంకా పెద్దది తెచ్చి పెట్టా, మొత్తం పోయింది. రెండు ఆదివారాలు మెట్లెక్కడం దిగడమే, యాంటెన్నా అటు తిప్పూ ఇటు తిప్పూ. చివరికి విసుగొచ్చి బూస్టర్ పీకి పక్కన పెట్టి, పాడైన పిన్ను ఒకటి మార్చి, వైరు తిన్నగా ఇస్తే అన్ని చానెళ్ళూ వచ్చేశాయి! జరిగిందేంటంటే మేం టవర్‌కి దగ్గర్లోనే ఉన్నాం, సిగ్నల్ ముందే ఎక్కువ, దాన్ని ఇంకా పెంచేసరికి ట్యూనర్‌కి ఊపిరాడలేదు, మొదట్లో ఆగడానికి కారణం ఆ పిన్నే. బూస్టర్ బలంతో పాటు చెత్తని కూడా పెంచుతుంది. బాక్స్ మెనూలో రెండు గీతలు చూపిస్తుంది చూడండి, ఒకటి బలం, ఒకటి క్వాలిటీ, మీరు చూడాల్సింది రెండోది. బలం నిండుగా ఉండి క్వాలిటీ అడుక్కి ఉంటే పెంచడం కాదు, ఎక్కడో పాడైంది.

మేడెక్కేవాళ్ళకి ఒక్క మాట, కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే మీరు ఎక్కకండి, పనోళ్ళని పిలవండి. వానొచ్చేట్టున్నప్పుడు అసలే వద్దు.

ప్రశ్న: బాక్స్ పెట్టి నెలైంది, బాగా వచ్చేవి. నిన్న సెర్చ్ మళ్ళీ పెడితే సగం చానెళ్ళు మాయమయ్యాయి.

జవాబు: వాతావరణం బాగోలేనప్పుడో, వైరు కొంచెం వదులై ఉన్నప్పుడో సెర్చ్ పెట్టుంటారు, ఆ క్షణంలో దొరకని వాటిని చాలా బాక్సులు జాబితాలోంచి తీసేస్తాయి. వైర్లు బిగించి ఇంకోసారి పెట్టండి. కొన్నిసార్లు పాత జాబితా లోపల ఇరుక్కుపోతుంది, అప్పుడు యాంటెన్నా వైరు పీకేసి ఒకసారి సెర్చ్ పెట్టండి, ఏమీ దొరక్క జాబితా ఖాళీ అవుతుంది, తర్వాత వైరు పెట్టి మళ్ళీ పెట్టండి.

మార్పు రోజున ఈ సెర్చ్ తప్పనిసరి, ముందే బాక్స్ పెట్టుకున్నవాళ్ళకి కూడా. అనలాగ్ ఆగిపోగానే ఆ ఖాళీలోకి కొన్ని డిజిటల్ చానెళ్ళు జరుగుతాయి. అమెరికాలో 2009 జూన్ 12న అదే జరిగింది, అప్పటిదాకా యూహెచ్ఎఫ్‌లో వచ్చిన కొన్ని స్టేషన్లు ఆ రోజు వాటి పాత వీహెచ్ఎఫ్ చోటికి వెళ్ళిపోయాయి, ఫిలడెల్ఫియాలో 6వ చానెల్, షికాగోలో 7వ చానెల్ అలాంటివే. ముందు నుంచీ బాక్స్ పెట్టుకుని సిద్ధంగా ఉన్నామనుకున్నవాళ్ళకి కూడా అవి పోయాయి, కొందరికి సెర్చ్‌తో తిరిగొచ్చాయి, యూహెచ్ఎఫ్ యాంటెన్నా మాత్రమే ఉన్నవాళ్ళకి సెర్చ్ పెట్టినా రాలేదు. అందుకే పైన బ్యాండు చూస్కోమన్నాను.

ప్రశ్న: మా అత్తగారికి 78 ఏళ్ళు. పగలంతా ఒక్కరే ఉంటారు, టీవీనే ఆవిడకి తోడు. ఒక రిమోట్ నేర్చుకోవడానికే ఏళ్ళు పట్టింది, ఇప్పుడు రెండంటే ఎలా?

జవాబు: ఈ మొత్తం వ్యవహారంలో అసలు కష్టమైన ప్రశ్న ఇదేనమ్మా, మిగతావన్నీ వైర్లు. బ్రిటన్‌లో 2007 నుంచి 2012 దాకా ఒక్కో ప్రాంతం చొప్పున మార్చుకుంటూ పోయినప్పుడు 75 దాటినవాళ్ళకీ, వైకల్యం ఉన్నవాళ్ళకీ ఇంటికొచ్చి బాక్స్ పెట్టి వాడటం నేర్పే పథకం ఒకటి నడిపారు, బాక్స్ చేతికిచ్చి పంపేస్తే సరిపోదని తెలుసు కాబట్టే. మీ దగ్గర అలాంటిది ఉందేమో కనుక్కోండి, లేకపోతే ఆ పని మీ ఇంట్లోవాళ్ళదే.

ముందుగా, చివరి తేదీ దాకా ఆగకండి. ఇప్పుడే బాక్స్ పెట్టేయండి, రెండూ నడుస్తున్న రోజుల్లోనే ఆవిడకి అలవాటు కావాలి, తప్పు నొక్కినా పాత పద్ధతికి తిప్పుకునే వీలుంటుంది, కంగారు ఉండదు. టీవీ రిమోట్‌ని ఆవిడకి అందకుండా దాచేయండి, నిజంగానే. "బొమ్మ పోయింది" అని పెద్దవాళ్ళు ఫోన్ చేస్తే చాలాసార్లు జరిగేది టీవీ రిమోట్‌లో ఏవీ లేదా సోర్స్ బటన్ (బొమ్మ ఏ వైరు నుంచి రావాలో ఎంచుకునేది) నొక్కుకుపోవడం, తెర నీలంగానో నల్లగానో అవుతుంది, ఆవిడ టీవీ పాడైందనుకుంటారు, మీరు ఆఫీసులో కూర్చుని ఫోన్లో "అమ్మా ఏ బటన్ నొక్కారు" అని అడుగుతుంటారు. టీవీని బాక్స్ వచ్చే ఏవీలోనే ఉంచేసి ఆన్ ఆఫ్ గోడ స్విచ్ దగ్గర ఒకేసారి వేస్తే కొన్ని సెట్లు మళ్ళీ అక్కడికే వస్తాయి, మీది అలా వస్తుందో లేదో ఓ రెండుసార్లు వేసి చూడండి. రాకపోతే టీవీనీ బాక్స్‌నీ రెండింటినీ నడిపే యూనివర్సల్ రిమోట్ కొనండి, బటన్లు తక్కువా పెద్దవీ ఉన్నది.

బాక్స్ రిమోట్‌లో ఆవిడకి కావాల్సినవి నాలుగే ఉంటాయి, ఆన్, సౌండు, చానెల్ పైకీ కిందకీ. మిగతా బటన్ల మీద అట్టముక్క కోసి టేపేసేయండి. ఆవిడ చూసే చానెళ్ళు ఫేవరెట్స్‌లో పెట్టేస్తే పైకీ కిందకీ నొక్కినప్పుడు అవే తిరుగుతాయి, కొత్త నంబర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇంకోటి, మీరు చేసి చూపించకండి, రిమోట్ ఆవిడ చేతిలోనే ఉండాలి, మీరు చేతులు కట్టుకుని కూర్చోవాలి. మనకి ఓపిక ఉండదు కదా, లాక్కుని నొక్కేస్తాం, ఆవిడకి వచ్చేది సున్నా. చెవి సరిగ్గా వినపడకపోతే బాక్స్ మెనూలో సబ్‌టైటిల్స్ ఉన్నాయేమో చూడండి, ఉన్న ప్రోగ్రాములకి అది పెద్ద మేలు.

ప్రశ్న: బాక్స్ పెట్టాక అందరూ లావుగా కనిపిస్తున్నారు.

జవాబు: డిజిటల్ బొమ్మ ఎక్కువగా 16:9లో (వెడల్పు ఆకారం) వస్తుంది, డబ్బా టీవీ తెర 4:3 (దాదాపు చదరం). అందులో సన్నగా కనపడితే బాక్స్ సెట్టింగులో టీవీ ఆకారం 4:3 అని పెట్టండి, పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, అది తప్పు కాదు. లావుగా కనపడుతున్నారంటే మీది వెడల్పు తెర, బాక్స్‌లోనేమో 4:3 అని ఉంది, మార్చేయండి.

ప్రశ్న: మ్యాచ్‌లో గోల్ పడిందని పక్కింట్లో అరిచిన తర్వాత మాకు కనపడుతోంది. బాక్స్ పాతదా?

జవాబు: బాక్స్ మంచిదే. డిజిటల్‌లో బొమ్మని అక్కడ కుదించి పంపి ఇక్కడ విప్పాలి, ఆ పనికి కొన్ని సెకన్లు పడుతుంది. పక్కింటివాళ్ళు ఇంకా అనలాగ్‌లో చూస్తున్నట్టున్నారు. తేదీ దాటాక మీ బాధ తీరుతుంది. ఈ లోపు టీవీలో గడియారం చూసి టైం మాత్రం కలుపుకోకండి.

ప్రశ్న: బానే నడుస్తున్నదాన్ని ఎందుకు ఆపుతున్నారు? ఇదంతా బాక్సులు అమ్ముకోడానికేగా?

జవాబు: బాక్సులు అమ్ముకునేవాళ్ళకి పండగే, కాదనను. కానీ అసలు కథ గాల్లో చోటు గురించి. ఒక అనలాగ్ చానెల్‌కి 6 నుంచి 8 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలి, అదే వెడల్పులో డిజిటల్ అయితే నాలుగైదు చానెళ్ళు పడతాయి. అలా మిగిలిన చోటుని, ముఖ్యంగా 700, 800 మెగాహెర్ట్జ్ దగ్గరిది, ప్రభుత్వాలు మొబైల్ కంపెనీలకి వేలం వేశాయి, మన ఫోన్లలో 4జీ నడిచే జాగాలో కొంత అప్పట్లో టీవీదే.

ఇది నిన్నా మొన్నా మొదలైంది కూడా కాదు. బెర్లిన్ నగరం 2003లోనే మారింది, దేశం మొత్తంగా లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ 2006లో మారాయి. అమెరికా 2009 ఫిబ్రవరి 17 అని తేదీ పెట్టుకుంది, బాక్స్ ధర తగ్గించే కూపన్లు ఇంటికి రెండు చొప్పున ఇస్తామన్నారు, తీరా చూస్తే కూపన్లకి కేటాయించిన డబ్బు చాలక జనం వెయిటింగ్ లిస్టులో నిలబడ్డారు, అందుకే జూన్ 12కి జరిపారు. జపాన్ 2011 జూలై 24న ఆపేసింది, ఆ ఏడాది భూకంపం, సునామీ దెబ్బ తిన్న ఇవాటే, మియాగి, ఫుకుషిమా మూడింటికీ మాత్రం 2012 మార్చి 31 దాకా గడువిచ్చింది. అంటే తేదీలు జరగడం కూడా ఉంది, కానీ జరుగుతుందని కూర్చోవద్దు, అమెరికాలో జరిగింది నాలుగు నెలలే.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు వార్తల కోసం బ్యాటరీతో నడిచే చిన్న టీవీ ఉంచుకున్నాం. దానికి బాక్స్ పెట్టొచ్చా?

జవాబు: దానికి బయటి నుంచి బొమ్మ ఇచ్చే సాకెట్ ఉంటే పెట్టొచ్చు, కానీ బాక్స్‌కి కూడా బ్యాటరీ కావాలి కదా, అసలు ప్రయోజనమే పోయింది. బ్యాటరీ రేడియో ఒకటి కొనుక్కోండి.

ప్రశ్న: డబ్బా టీవీ వద్దనుకుంటున్నాం. విప్పి రాగి తీసుకుని మిగతాది పారేస్తే?

జవాబు: వద్దు, దాన్ని విప్పొద్దు! ఆ పిక్చర్ ట్యూబ్ మీద నడిచేటప్పుడు ఇరవై వేల వోల్టులకి పైనే ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా ఛార్జి లోపల నిలిచి ఉండొచ్చు. ట్యూబ్ లోపల గాలి ఉండదు కాబట్టి దెబ్బ తగిలితే గాజు ముక్కలు చెల్లాచెదురుగా ఎగురుతాయి, ఆ గాజులో సీసం కూడా ఉంటుంది. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకి ముక్క విప్పకుండా ఇచ్చేయండి. పాత వీడియో గేములు ఆడేవాళ్ళెవరైనా తెలిసుంటే ముందు వాళ్ళని అడగండి, ఆ గేములకి ఈ టీవీలే కావాలని వెతికేవాళ్ళున్నారు.

ప్రశ్న: బాక్స్ కొన్నాం, వైర్లన్నీ పెట్టాం, బొమ్మ వస్తోంది. కానీ కింద ఆ స్క్రోలింగ్ ఇంకా వస్తూనే ఉంది. ఎందుకు?

జవాబు: భలే ప్రశ్న, దీన్ని చివరికి కావాలనే పెట్టాను. ఆ హెచ్చరికని సాధారణంగా అనలాగ్ ప్రసారంలోనే కలుపుతారు. జపాన్‌లో అయితే తెర మూలన "అనలాగ్" అని అక్షరాలే వేసి చూపించారు, చూసేవాళ్ళకి తామెక్కడున్నారో తెలియాలని. మీకింకా స్క్రోలింగ్ కనపడుతోందంటే చాలావరకు మీరు చూస్తున్నది బాక్స్ నుంచి వచ్చే బొమ్మ కాదు, యాంటెన్నా సిగ్నల్ బాక్స్ గుండా దాటుకుని తిన్నగా టీవీ పాత ట్యూనర్‌లోకి పోతోంది, బాక్స్ పక్కన లైటు వెలిగించుకుని ఊరికే కూర్చుంది. ఎరుపు పసుపు తెలుపు పిన్నులు పెట్టి ఉంటే టీవీని ఏవీలోకి మార్చండి, యాంటెన్నా వైరుతోనే బాక్స్‌ని కలిపి ఉంటే బాక్స్ మీద రాసున్న చానెల్ నంబర్ టీవీలో పెట్టండి. స్క్రోలింగ్ లేని అదే ప్రోగ్రాం కనపడగానే బాక్స్ ప్లగ్గు ఒకసారి పీకి చూడండి, బొమ్మ పోతే మీరు మారిపోయినట్టే.